విషయం: లండన్ ఒకరోజు టూర్‌లో మాకు జరగని "టవర్ దర్శనం" గురించి ఫిర్యాదు

బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా
18 నవంబరు 2024

మేనేజరు గారికి,

నమస్కారం. ఆగస్టులో మీ బరంపురం ఆఫీసుకు వచ్చి, లండన్ ఒకరోజు టూర్‌కి మూడు సీట్లు కొన్నాను. నాకు, మా ఆవిడకు, అక్కడ ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి. సీటుకు 14,500 చొప్పున 43,500 రూపాయలు కట్టాను. అక్టోబరు 8, మంగళవారం నాడు ఆ టూర్ జరిగింది. జరిగిందనే అనాలి మరి, బస్సయితే తిరిగింది.

నిజానికి అమ్మాయి వద్దంది. "నేనున్నాను కదా నాన్నా, ఎర్ర బస్సెక్కి తిరిగేద్దాం" అంది. నేనే వినలేదు. దానికి కారణం మీ బ్రోషర్. ఈ ఊళ్లో తెలుగు వాళ్లం తాతల నాటి నుంచి ఉన్నాం. 1936లో గంజాం ఒడిశాలో కలిశాక కూడా ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా అంటూ నెట్టుకొస్తున్నాం. అలాంటి చోట ఒక ట్రావెల్ కంపెనీ తెలుగులో కాగితం అచ్చేసి చేతికిస్తే సంతోషం వేసింది. పైగా అందులో "తెలుగు మాట్లాడే గైడ్" అని ఉంది. మా ఆవిడకు తెలుగు, ఒడియా తప్ప రావు. ఆ ఒక్క మాట చూసి పెన్షన్ డబ్బు తీసి కట్టాను.

గైడ్ పొద్దున్నే నవ్వుతూ వచ్చాడు, మంచి కుర్రాడే. హిందీలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగించాడు. తెలుగు వచ్చా బాబూ అంటే, "నమస్కారం" వచ్చట. ఇక ఆ రోజంతా మా అమ్మాయే గైడ్. ఛత్రపురం నుంచి వచ్చిన ముసలి దంపతులు మా వెనక సీట్లో ఉన్నారు. వాళ్లకీ అమ్మాయే చెప్పింది, మెడ వెనక్కి తిప్పి తిప్పి సాయంత్రానికి పట్టేసింది. సెలవు పెట్టుకుని, సీటుకు డబ్బు కట్టి, మీ పని తను చేసింది.

బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర "రాజభవన సిపాయిల కాపలా మార్పిడి" చూపిస్తామని రాశారు. పదకొండు గంటలకు అక్కడికి చేరాం. కటకటాల అవతల ఎర్ర చొక్కా, నల్ల బొచ్చు టోపీ పెట్టుకున్న సిపాయి కదలకుండా నిలబడ్డాడు. మేమూ నిలబడ్డాం. ఆ వేడుక అప్పట్లో సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లోనే జరుగుతోందని, మంగళవారం ఉండదని అమ్మాయి ఫోన్‌లో చూసి చెప్పింది. దానికి తనకు నిమిషం పట్టలేదు. ఆ టూర్‌కి మంగళవారం ఖాయం చేసిన మీకు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఆ నిమిషం దొరకలేదా?

భోజనం సంగతి పొడిగించను. దసరా నవరాత్రులు కాబట్టి గుడ్డు, ఉల్లి మేం తినం అని మీ ఫారంలోనే రాసిచ్చాను. అట్టపెట్టె విప్పితే గుడ్డు శాండ్‌విచ్. మా ఆవిడ ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలతో సరిపెట్టుకుంది.

అసలు ఫిర్యాదు ఇది కాదు. టవర్ ఆఫ్ లండన్ గురించి.

నేను ముప్పై ఏళ్లు పిల్లలకు చరిత్ర చెప్పాను. కోహినూర్ పాఠం వచ్చినప్పుడల్లా, అది మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్తారర్రా అని బోర్డు మీద నది గీసి చుక్క పెట్టి చూపించేవాణ్ని. ఆ వజ్రం ఇప్పుడు 1937లో చేయించిన రాణి కిరీటంలో, ఆ టవర్‌లోనే ఉంది. లండన్‌లో ఇంకేం చూడకపోయినా ఫరవాలేదు, అది చూడాలనుకున్నాను. మీ తెలుగు కాగితంలో "టవర్ ఆఫ్ లండన్ దర్శనం, కోహినూర్" అని స్పష్టంగా ఉంది. అక్కడ మూడు వారాలున్నాం. టవర్ ఎలాగూ టూర్‌లో ఉంది కదా అని మిగతా రోజుల్లో అటు వెళ్లనే లేదు. తిరుగు విమానం 10వ తేదీన.

మూడు గంటలకు బస్సు ఆగింది. గైడ్ గొడుగు పైకెత్తి పదిహేను నిమిషాలన్నాడు. లోపలికి టికెట్ లేదట. మా ఆవిడకు మోకాళ్ల నొప్పి, మెల్లగా దిగి బాత్రూం వెతుక్కుని వచ్చేసరికి పది నిమిషాలు అయిపోయాయి. కోట చుట్టూ ఉన్న పాత కందకంలో ఇప్పుడు నీళ్లు లేవు, గడ్డి. ఆవిడ ఇనుప రెయిలింగ్ పట్టుకుని ఆ గడ్డి వైపు చూసి, "ఇందులోనా?" అంది. కాదు, ఆ గోడల వెనక అన్నాను. "ఓహో" అని ఒక ఫొటో దిగింది.

మా డబ్బుతో టికెట్ కొనుక్కుని వెళ్తాం అన్నాను. అలా వెళ్తే తర్వాతి పడవ షికారు వదులుకున్నట్టు సంతకం పెట్టమన్నాడు. ముందే డబ్బు కట్టిన పడవ వదలడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. పడవ బాగుంది, అబద్ధం చెప్పను.

ఇంటికొచ్చాక మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, "బయటి నుంచి చూడటం కూడా సైట్‌సీయింగే కదండీ" అన్నారు. శ్రీశైలానికి శిఖర దర్శనం చెల్లుతుంది, కాదనను. కానీ దానికి మల్లన్న పద్నాలుగున్నర వేలు పుచ్చుకోడు. మళ్లీ బ్రోషర్ తీసి ఇంగ్లీషు పేజీ చదివాను. అక్కడ "ఫొటో స్టాప్" అని ఉంది, గైడ్ "హిందీ, ఇంగ్లీషు" అని ఉంది. అంటే ఒకే కాగితంలో ఇంగ్లీషు చదివేవాడికి నిజం, తెలుగు చదివేవాడికి దర్శనం. నన్ను కష్టపెట్టింది ఇదే. పొరపాటయితే రెండు పేజీల్లోనూ ఉండేది.

ఇళ్ల దగ్గర దింపుతామన్న మాట కూడా గాలికి పోయింది. వెస్ట్‌మినిస్టర్ రేవులో వదిలేశారు. అక్కడి నుంచి అమ్మాయి మామూలు 12వ నంబరు బస్సెక్కించింది. మనిషికి ఒకటిముప్పావు పౌను, మన లెక్కలో 190 రూపాయలు. మేడ మీద ముందు సీటు దొరికింది. బస్సు వంతెన ఎక్కుతుంటే బిగ్ బెన్ ఆరు కొట్టింది. మా ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఆ రోజు గురించి ఎవరడిగినా ఆవిడ చెప్పేది ఈ బస్సు గురించే.

నేను అడిగేవి ఇవి. అమ్మాయి సీటు డబ్బు 14,500 పూర్తిగా, మా ఇద్దరి సీట్లలో సగం, మొత్తం 29,000 రూపాయలు వాపసు ఇవ్వండి. పడవా, బస్సు తిప్పిందీ లెక్కలోకి తీసుకునే సగం అన్నాను. తెలుగు పేజీలో "దర్శనం" తీసేసి "బయటి నుంచి మాత్రమే" అని అచ్చువేయండి, తెలుగు గైడ్ లేకపోతే ఆ మాటా కొట్టేయండి. ఆఫీసు బల్ల మీద ఇప్పటికీ ఆ పాత కాగితాలే ఉన్నాయి, మొన్న శుక్రవారం చూశాను.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. కొనుక్కున్నవాడు ఉండే చోటే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఆ కమిషన్ మన ఊళ్లోనే ఉంది, నాకు రిక్షా ఖర్చు తప్ప ఏమీ కాదు.

జత: రసీదు నకలు, బ్రోషర్ రెండు పేజీలు, ఆహారం గురించి రాసిచ్చిన ఫారం, రెయిలింగ్ దగ్గర దిగిన ఫొటో.

ఇట్లు,
రిటైర్డ్ ఉపాధ్యాయుడు, బరంపురం