అడవికి వెళ్లే ముందు మంటల మ్యాప్ చూడండి

అందరికీ నమస్తే. ఏటూరునాగారం, తాడ్వాయి, పాండవుల గుట్టల వైపు ట్రెక్‌కి వెళ్లేవాళ్లు ఇది తప్పక చదవండి. ఎండాకాలం మొదలైతే మన అడవిలో టేకాకు దట్టంగా రాలి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

బయల్దేరే ముందు నాసా ఫర్మ్స్ (FIRMS) మ్యాప్ చూడండి, శాటిలైట్లు పసిగట్టిన మంటల్ని చుక్కలుగా చూపే ఆన్‌లైన్ మ్యాప్ అది. ఎర్ర చుక్క కనిపించగానే టెన్షన్ పడొద్దు. వీర్స్ (VIIRS) అనే శాటిలైట్ సెన్సార్ చూపే చుక్క ఒక్కోటి సుమారు 375 మీటర్ల మేరకు లెక్క, మంట సరిగ్గా ఎక్కడుందో చెప్పదు. పొలంలో వరి కొయ్యకాళ్లు కాల్చినా పడుతుంది. ఫారెస్ట్ వాళ్లు ఫైర్ లైన్ల మీద, అంటే మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే దారుల మీద, ఆకు ఊడ్చి కాల్చినా పడుతుంది. ఆ కాల్చడం అడవి మేలుకే, ఎండలు ముదిరాక వచ్చే మంటను ఆపడానికే. దాన్ని వీడియో తీసి ‘అడవి తగలబడుతోంది’ అని స్టేటస్ పెట్టకండి, దయచేసి. చుక్క లేనంత మాత్రాన మంట లేదనీ కాదు. శాటిలైట్ దాటిపోయాక అంటుకుంటే మళ్లీ వచ్చేదాకా దానికి తెలియదు.

అడవిలో మంటలొస్తే ఇప్పపూలు ఏరేవాళ్లనే అందరూ తిడతారు. పర్యాటకులు పారేసే సిగరెట్ ముక్కల సంగతేంటి? మన గ్రూపులో ఎవరూ అడవిలో అగ్గిపెట్టె తీయొద్దు.

మంట ఎదురైతే గుట్ట ఎక్కకండి, అది పైకే వేగంగా పాకుతుంది. ఆకు లేని నేల వైపు తప్పుకోండి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి అక్కడి అడవిని చూసుకునే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ నంబర్ ముందే రాసిపెట్టుకోండి.