తేదీ చెప్పండి చాలు: పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

ఈ ఉత్తరంలో నేను కొత్త ఉత్సవమేదీ అడగడం లేదు. ఉన్నవాటికి నిధులు పెంచమనీ అనడం లేదు. చలికాలంలో ప్రభుత్వం తరఫున జరిగే పండుగల తేదీలు దీపావళి లోపు చెప్పెయ్యండి, అంతే. ఇంత చిన్న విషయానికి బహిరంగ లేఖా అని మీ పేషీలో ఎవరైనా నవ్వుకుంటే, పూర్తిగా చదివాక నవ్వుకోమనండి.

నా పుట్టిల్లు కోనసీమలో అంబాజీపేట దగ్గర, మెట్టినిల్లు నాయుడుపేట, ఉద్యోగం బెంగళూరులో. సంక్రాంతికి ఎటు వెళ్లాలన్న పంచాయితీ మా ఇంట్లో ఏటా ఉండేదే. అటు వెళ్తే జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఇటు వెళ్తే పులికాట్ సరస్సులో పక్షులు. మొదటిదానికి ప్లాన్ వేసుకోవడం సులువు. తీర్థం కనుమనాడు. జనవరి 15 కాకపోతే 16. ఎవరూ ప్రకటించక్కర్లేదు, పంచాంగం తిరగేస్తే చాలు. చిక్కంతా రెండోదానితోనే.

రైల్వేవాళ్లు 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. జనవరి మధ్యలో చేసే ప్రయాణానికి నవంబరు మధ్యలో టికెట్లు వదులుతారన్నమాట. పండగ రైళ్లలో ఆ టికెట్లు ఎంతసేపు ఉంటాయో, అవి దొరక్కపోతే ప్రైవేటు బస్సులవాళ్లు ఎంత గుంజుతారో మీకు నేను చెప్పాలా? ఆ వేళకి, పులికాట్ పక్షుల పేరు మీద సూళ్లూరుపేటలో జరిపే ఫ్లెమింగో ఫెస్టివల్ ఎప్పుడో తెలిస్తే రెండు రోజులు సెలవు పొడిగించుకుని వెళ్లొస్తాం. డిసెంబరు ఆఖర్లోనో జనవరి మొదట్లోనో తెలిస్తే ఏం చేస్తాం? వాట్సాప్‌లో ఫొటోలు చూసుకుంటాం.

ఫ్లెమింగో ఫెస్టివల్ నిన్నా మొన్నా పుట్టింది కాదు. 2001లో మొదలైంది. మధ్యమధ్యలో ఆగుతూ, 2020 తర్వాత అసలే ఆగిపోయి, మళ్లీ 2025 జనవరి 18, 19, 20 తేదీల్లో జరిగింది. తిరిగి మొదలుపెట్టినందుకు సంతోషం. పాతికేళ్ల కిందట పుట్టిన పండుగ ఫలానా నెల, ఫలానా వారం అని జనం నోట్లో నానకపోవడమే నాకు అర్థం కాదు.

పక్షులు మనం చెప్పిన రోజున వస్తాయా అని అధికారులు అనవచ్చు. నిజమే, వాటి లెక్క వాటిది. కానీ ఆ లెక్క అంత గుట్టేమీ కాదు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు పడి చెరువులు నిండితే దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు పక్షుల కేంద్రానికి గూడబాతులు (పెలికాన్లు) చేరతాయి. నీళ్లలో నిలబడిన కడప అనే రకం చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. కాపురం నేలపట్టులో, తిండికి మాత్రం పులికాట్ దాకా. అక్కణ్ణుంచి గొంతు సంచిలో చేపలు నింపుకుని వస్తాయి. జనవరిలో వెళ్లి బైనాక్యులర్ పెట్టి చూడండి. పిల్ల తన తలంతా తల్లి నోట్లోకి దూర్చేసి, మెడ దాకా లోపలికి పోయి తింటుంటుంది. మొదటిసారి చూసినప్పుడు మా చిన్నది, తల్లే పిల్లను మింగేస్తోందనుకుని కెవ్వుమంది. ఆ చెరువు నీళ్లు పొలానికి పారితే ఎరువు వేసినట్టేనని చుట్టుపక్కల రైతులు చెబుతారు. ఇక రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారికి రెండు పక్కలా, లోతులేని నీళ్లలో బారులు తీరి కనిపిస్తాయి. కారు దిగనక్కర్లేదు. వేసవి ముదిరి సరస్సు ఎండేసరికి అన్నీ వెళ్లిపోతాయి.

వానలు సరిగ్గా పడ్డాయో లేదో నవంబరుకల్లా తెలిసిపోతుంది. పక్షులు వచ్చాయో లేదో అటవీశాఖ సిబ్బందికి రోజూ తెలుస్తుంది. సంక్రాంతి దాటిన మొదటి శని, ఆదివారాలని ఒక్కసారి ఖాయం చేసి జీవో ఇచ్చేస్తే ఇక ఏటా చర్చే ఉండదు. వానలు మొహం చాటేసిన ఏడాది సంగతి వేరు. అప్పుడు మానుకోవచ్చు. మరి ఇప్పుడు తేదీ ఎందుకు తేలదు? మా నాయుడుపేట టీ కొట్టు దగ్గర దొరికే జవాబు: పక్షులు సిద్ధమే, పెద్దవాళ్ల డేట్లే కుదరవు. ప్రారంభానికి ఎవరు రావాలి, ముగింపుకి ఎవరు, రాత్రి పాటలకు ఏ గాయకులు... అదంతా కుదిరితేనే పండుగ. ఇది నిజమో కాదో మీకే తెలియాలి.

తేదీ ఆలస్యమైతే నష్టపోయేది మాలాంటి ప్రయాణికులే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ఈ ఉత్సవాల్లో చేనేత, హస్తకళల స్టాళ్లు పెడతారు. మంచిదే. నాయుడుపేటకు దగ్గర్లోనే వెంకటగిరి. అక్కడ జరీ అంచుతో, నాలుగు బుటాలతో ఒక మంచి చీర మగ్గం మీద నుంచి దిగాలంటే రోజులు పడుతుంది, పనితనం ఎక్కువైతే వారాలు. పది రోజుల్లో స్టాలు పెట్టుకోమంటే ఆ నేతగాడు ఏం తెస్తాడు? నేసినవన్నీ అప్పటికే మాస్టర్ వీవర్ దగ్గరికో షాపుకో వెళ్లిపోయి ఉంటాయి. అందుకే ఆ స్టాళ్లలో ఎక్కడెక్కడి పవర్‌లూమ్ సరుకో వేలాడుతుంటుంది. ఉదయగిరి చెక్క గరిటెలవాళ్లదీ ఇదే పరిస్థితి. ఒక్కో గరిటె చేత్తో చెక్కాలి. రెండు నెలల ముందు చెబితే బల్ల నిండా సరుకుతో వస్తారు. లేకపోతే ఇంట్లో మిగిలిన నాలుగు ముక్కలే తెస్తారు.

హైదరాబాద్ నుమాయిష్‌నే తీసుకోండి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలై, తర్వాత నాంపల్లి గ్రౌండ్స్‌కి మారింది. జనవరి 1న మొదలవుతుందని హైదరాబాద్‌లో చిన్నపిల్లాడైనా చెబుతాడు. కరోనా లాంటివి వచ్చినప్పుడు తప్పిందేమో గానీ, మామూలు ఏడాదిలో ఎవరూ తేదీ అడగరు. కశ్మీర్ శాలువాలవాళ్లు, లక్నో చికన్ బట్టలవాళ్లు అంత దూరం నుంచి సరుకు వేసుకుని వచ్చేది ఆ భరోసాతోనే. నాగాలాండ్ వాళ్లు 2000లో హార్న్‌బిల్ ఫెస్టివల్ మొదలుపెట్టారు. మన ఫ్లెమింగో కంటే ఒక్క ఏడాదే పెద్దది. డిసెంబరు 1 నుంచి 10 దాకా అని నిలబెట్టుకున్నారు. ఇవాళ దాని కోసం విదేశాల నుంచి కూడా కొహిమా వెళ్తున్నారు. మనకు చెన్నై నుంచి సూళ్లూరుపేట దాకా లోకల్ రైలే ఉంది. మద్రాసులో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. వాళ్లయినా పొద్దున రైలెక్కి సాయంత్రానికి ఇల్లు చేరుకుంటారు కదా!

ఇక మా కోనసీమ ప్రభల సంగతి. ఇక్కడ నా అభ్యర్థన పూర్తిగా వేరు. దయచేసి దీన్ని మరీ బాగుచెయ్యకండి.

మొసలపల్లి శివార్లలో జగ్గన్నతోట అంటే కొబ్బరి తోట. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. కనుమనాడు పదకొండు ఊళ్ల నుంచి పదకొండుమంది రుద్రులు, అంటే ఆ ఊళ్ల శివుళ్లు, ప్రభల మీద వచ్చి అక్కడ కలుస్తారు. ప్రభ అంటే దేవుణ్ణి ఊరేగించే ఎత్తైన చట్రం. వెదురు వంచి కట్టి, రంగురంగుల నూలుదారాలు చుట్టి, కొత్త బట్టలు కప్పి, వరి కంకులు, నెమలి పింఛాలు, గంటలు కడతారు. భుజాల మీద మోస్తూ “అశ్శరభ శరభ” అని అరుస్తుంటే గంటలన్నీ ఒక్కసారిగా మోగుతాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటి రావాలి. కుర్రాళ్లు నీళ్లలోకి దిగి, ప్రభ ఒరగకుండా తాళ్లు పట్టుకుని దాటించేటప్పుడు గట్టు మీద ఉన్నవాళ్లకు ఊపిరాడదు. దారిలో పచ్చని చేలుంటే చేలల్లోంచే వెళ్తారు. తొక్కుడుపడిన చేను రైతు గొడవపడడు, స్వామి నా పొలంలో నడిచాడంటాడు. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి వచ్చేసరికి మిగతా ప్రభలన్నీ ఒక్కసారి పైకి లేపి మర్యాద చేస్తారు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తరాలుగా వస్తున్న ఏర్పాటు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటంగా ప్రభల తీర్థాన్నే తీసుకెళ్లారు. ఢిల్లీలో చూసి మురిసిపోయాం. పక్క ఊరి ప్రభ కంటే మా ఊరి ప్రభనే బాగా చూపించాల్సిందని కొట్టుకున్నాం కూడా.

ఈ తీర్థానికి మీరు వేదిక వెయ్యనక్కర్లేదు, యాంకర్‌ని పెట్టనక్కర్లేదు. కావలసినవి వేరే ఉన్నాయి. ఆ రోజు వేలమంది ఆడవాళ్లు వస్తారు. పొద్దున వచ్చినవాళ్లు మళ్లీ ఇంటికెళ్లే దాకా ఓర్చుకోవాల్సిందేనా? తోటకి రెండు వైపులా నీటి వసతి ఉన్న తాత్కాలిక మరుగుదొడ్లు కావాలి. మా అమ్మ మోకాళ్ల నొప్పులకి కూడా లొంగలేదు గానీ, ఈ ఒక్క కారణంతో తీర్థానికి రావడం మానేసింది. ప్రభలు వచ్చే దారుల్లో కిందికి వేలాడే కరెంటు తీగలు ముందే సరిచేయించండి. కౌశిక గట్టున ఈతగాళ్లను, పడవను పెట్టించండి. వీఐపీల కార్లు ఊరి బయటే ఆపించండి. ఆ సన్న దారిలో ఒక్క కాన్వాయ్ దూరితే చాలు, ప్రభ గంటసేపు అక్కడే మొయ్యాల్సి వస్తుంది. ఆ బరువు భుజం మీద ఉన్నవాడికి మీ సైరన్ ఎలా వినిపిస్తుందో ఆలోచించండి.

కోడిపందేల గురించి ఈ ఉత్తరంలో మాట్లాడను. చట్టం ఉంది, కోర్టు తీర్పులున్నాయి, మధ్యలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఏ శాఖా క్యాలెండర్ వెయ్యకుండానే అవి ఏనాడూ తేదీ తప్పలేదు!

అరకు గురించి కొంచెం. జనవరి చివర్లో, చలి తగ్గకముందు అక్కడ ఉత్సవం పెట్టడం బాగానే ఉంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవుల్లో ఘాట్ రోడ్డు మీద కార్ల బారు చూసినవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. కానీ మన్యంలో అది కాఫీ పళ్లు కోసే కాలం. గిరిజనుల థింసా నృత్యం ఆడేందుకు మీరు పిలిపించే ఆడవాళ్లలో చాలామంది ఆ కోతల మీద బతికేవాళ్లే. రిహార్సల్‌కి ఒక రోజు, స్టేజీకి ఒక రోజు, మంత్రిగారి స్వాగతానికి మరో రోజు రమ్మంటే మూడు రోజుల కూలి పోయినట్టే. మోరి, కిరిడి, తుడుము వాయించేవాళ్లదీ అదే లెక్క. డబ్బు ఇవ్వడం లేదని కాదు నా మాట. ఇచ్చేదేదో ఆడిన రోజునే, అక్కడే, చేతికివ్వండి. బిల్లు పెట్టాం, వస్తుంది అని చెప్పి కొండ దింపి ఆఫీసుల చుట్టూ తిప్పొద్దు. ధనుర్మాసంలో మీ వేదికల మీదికి హరిదాసులనూ గంగిరెద్దులవాళ్లనూ పిలిపిస్తారు కదా, వాళ్లకూ ఇదే పద్ధతి పెట్టండి. తెల్లారగట్ల నాలుగు ఊళ్లు తిరిగి బియ్యం తెచ్చుకునే మనిషిని మీరు రోజంతా గ్రీన్‌రూమ్ బయట కూర్చోబెడితే, ఆ రోజు వాళ్లింట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

ఖర్చు మాటకొస్తే ఒక్క ఉదాహరణ, ఊరి పేరు చెప్పను. ఒక ఉత్సవంలో స్కూలు పిల్లల్ని బస్సుల్లో తీసుకొచ్చి మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి పక్షుల దగ్గర దింపారు. పక్షులను చూడాల్సింది పొద్దున్నో సాయంత్రమో. ఆ ఎండలో వంద మంది పిల్లలు ఒక్క టెలిస్కోపు ముందు క్యూ కట్టారు. ఒక్కొక్కడికి కన్ను పెట్టేలోపే “కదలండి, కదలండి” అంటున్నారు. పక్కనే స్వాగత ద్వారం మాత్రం రెండంతస్తుల ఎత్తుంది, దాని నిండా ఫొటోలు. ఆ ఒక్క ద్వారం డబ్బుతో ఎన్ని బైనాక్యులర్లు వచ్చేవో పిల్లల చేతే లెక్క కట్టించాల్సింది.

కాబట్టి నేను అడిగేది ఒక్క కాగితం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మీ శాఖ జరిపే ఉత్సవాలు, వాటి తేదీలు, ఏ స్టేషన్లో దిగాలి, అక్కణ్ణుంచి ఆర్టీసీ బస్సు ఎన్ని గంటలకు, స్టాలు కావాలంటే ఎవరిని కలవాలి, ఎప్పటిలోగా. తెలుగులో వెయ్యండి, ఫ్లెమింగో వరకు తమిళంలో కూడా వెయ్యండి. బస్టాండ్లలో అంటించండి. కింద ప్రభల తీర్థం లాంటి ఊరి పండుగల తేదీలు కూడా ఉంటే బాగుంటుంది. వాటిని మీరు జరపక్కర్లేదు, ఎప్పుడో చెబితే చాలు.

ఏదైనా ఏడాది డబ్బుల్లేక ఉత్సవం జరపలేకపోతే ఆ మాటా దీపావళి లోపే చెప్పండి, వానల్లేకపోతే నవంబరులోనే చెప్పండి. మేమేం అలగం. గూడబాతులను చూడటానికి మాకు రిబ్బన్ కటింగ్‌తో పని లేదు, నేలపట్టు గేటు పొద్దున ఆరింటికల్లా తెరిచి ఉంటే చాలు. ఆ గేటు వేళలు కూడా ఆ కాగితంలో వేయించండి.

ఇట్లు,
కోనసీమ ఆడపడుచు, నాయుడుపేట కోడలు