వైర్లు తిరగేసినా తిట్టని సీసీఎంబీ వాళ్లకు

నేను ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. పోయిన వారం మా తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు హైదరాబాద్ హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీలో, అంటే కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సంస్థలో, ఐదు రోజులు ఉండి వచ్చారు. ఫోన్లో థాంక్స్ చెప్పాను గానీ తృప్తిగా లేదు. అందుకే ఇది రాస్తున్నా.

అసలు కథ ఓపెన్ డే నాడు మొదలైంది. సెప్టెంబరు 26 సీసీఎంబీ మాతృసంస్థ సీఎస్ఐఆర్ పుట్టినరోజు. ఏటా ఆ తేదీ చుట్టుపక్కల సీసీఎంబీ గేట్లు జనానికి తెరుస్తారు. మేం నలభై మందిమి పోయాం. ఆడపిల్లలకు ఆర్టీసీ జీరో టికెట్ కాబట్టి ఖర్చు మగపిల్లలదే! జీబ్రా చేప గుడ్డు గాజులా ఉంటుంది, లోపల గుండె కొట్టుకోవడం బయటికే కనిపిస్తుంది. మైక్రోస్కోప్ దగ్గర మావాళ్లు వరస కదలనిస్తే ఒట్టు.

వరి బల్ల దగ్గర మా పిల్ల ఒకతి అడిగింది: "మా నాయిన బీపీటీ ఏస్తడు. ఆకులు కొసల నుంచి అంచుల పొంటి ఎండుతయి. ఇదేనా మేడం?" అక్కడున్న పీహెచ్‌డీ అమ్మాయి కింద కూర్చుని కాగితం మీద బొమ్మలు గీసి చెప్పింది. అది బ్యాక్టీరియా తెగులు అట. దాన్ని తట్టుకునే మూడు జన్యువులను సంకరం చేసి, ప్రతి తరంలో డీఎన్ఏ పరీక్షతో ఏరి సాంబ మసూరిలోకి (బీపీటీ అన్నా ఇదే) తెచ్చారట. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థతో కలిసి చేసిన పని, 'మెరుగైన సాంబ మసూరి' పేరుతో 2008లో విడుదలైంది. "జీఎం కాదు", అంటే ల్యాబులో జన్యుమార్పిడి చేసింది కాదు అని రెండుసార్లు చెప్పింది. పోయేటప్పుడు, "ఈ పిల్లను మళ్లీ పంపండి సార్" అంది. మాటవరసకు అన్నదనుకున్నా. తర్వాత నేను పెట్టిన మెయిళ్లన్నిటికీ వాళ్ల ప్రొఫెసర్ గారే జవాబిచ్చారు.

అలా ఐదు రోజులు కుదిరాయి. మకాం ఉప్పల్లో ఒకమ్మాయి మేనత్త ఇంట్లో.

మూడోనాడు మావాళ్లు జెల్ నడిపారు, అంటే కరెంటుతో డీఎన్ఏ ముక్కల్ని సైజు వారీగా విడదీసే పని. తాటిముంజెలా ఉంటుందట, సముద్రపు నాచు నుంచి తీసిన పదార్థంతో చేస్తారు. డీఎన్ఏకు నెగటివ్ చార్జి, కరెంటు పెడితే పాజిటివ్ వైపు పరుగెడుతుంది. వీళ్లు ఎర్ర వైరు, నల్ల వైరు తిరగేశారు. డీఎన్ఏతో కలిపిన నీలం రంగు ముందుకు పోవాల్సింది వెనక్కి పోయి నీళ్లలో కలిసింది. పొద్దటి నుంచి పడ్డ కష్టం అంతా పాయె. ఒకతి ఏడ్చేసింది కూడా.

ఆ పీహెచ్‌డీ అమ్మాయి ఒక్క మాట అనలేదు. నోటుబుక్కు ముందుకు జరిపి, "జరిగింది జరిగినట్టు రాయి. చెరపొద్దు, పేజీ చింపొద్దు. తప్పయితే ఒక్క గీత, కింది అక్షరం కనపడాలి" అందట. తనూ మొదట్లో రెండుసార్లు అదే చేశానని తన పాత నోటుబుక్కు తెచ్చి చూపించిందట.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. పందొమ్మిదేళ్లుగా పిల్లలతో రికార్డులు రాయిస్తున్నా. కొట్టివేత కనిపిస్తే పేజీ మళ్లీ రాయించేవాణ్ణి. చేయని ప్రయోగానికి కూడా 'ఫలితం: నిరూపించబడినది' అని ఉంటే సంతకం పెట్టేవాణ్ణి. మా ల్యాబు బీరువా తాళం ఎక్కడుందో కూడా తెలియని సంవత్సరాలున్నాయి. ఈ సోమవారం ఆ ఇద్దరిలో ఒకతి తెచ్చిన రికార్డులో ఆకు పిండిపదార్థ పరీక్ష కింద, "రంగు మారలేదు. అయోడిన్ పాతది కావచ్చు" అని ఉంది. చూస్తే నిజంగానే పాతది.

ప్రొఫెసర్ గారికి, ల్యాబు వాళ్లందరికీ, రోజూ పిల్లలు బస్సెక్కేదాకా చూసిన గేటు దగ్గరి అన్నకు, అడక్కుండానే పెరుగన్నం పెట్టిన క్యాంటీన్ అమ్మకు దండాలు. పీహెచ్‌డీ చెల్లెమ్మా, మీది ఒడిశా అయినా మావాళ్ల కోసం తెలుగులోనే కుస్తీ పట్టారు. అది మరచిపోను.

ఇంకోటి. వరి సంగతి అడిగిన పిల్ల వాళ్ల నాయిన మెరుగైన సాంబ మసూరి విత్తనం ఎక్కడ దొరుకుతుందని రోజూ అడుగుతున్నాడు. మీ నంబరు ఇచ్చేశాను. తిట్టేదుంటే నన్నే తిట్టండి.