చివరికి నేను క్షమించకపోతే?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో క్షమించడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే, కాదనను, కానీ చదివాక నాకు కోపం వచ్చింది. కోపం తగ్గించుకోమనే వ్యాసం చదివి కోపం తెచ్చుకున్న మనిషిని మిమ్మల్నే చూస్తున్నానని మా ఆవిడ నవ్వింది. నా బాధ ఆ వ్యాసంలోని చివరి వాక్యంతో. "క్షమించేయండి, మనసు తేలికవుతుంది, మీ వల్ల కాకపోతే ఆన్‌లైన్‌లో ఒక థెరపిస్ట్‌ను కలవండి" అని తేల్చేశారు. ఆ ఒక్క వాక్యం దాటడానికి నాకు ఏడాదిన్నర పట్టిందండీ. అందుకే ఈ ఉత్తరం, కాస్త పెద్దదే.

నా సంగతి క్లుప్తంగా చెప్తాను. చిన్నప్పటి స్నేహితుడు ఒకడు అప్పు తీసుకుంటుంటే ష్యూరిటీ సంతకం పెట్టాను. వాడు కొన్నాళ్లకు వాయిదాలు మానేశాడు, ఫోన్ నంబరు మార్చేశాడు. ఆరేళ్లు నేను కట్టాను. కట్టడం అయిపోయింది, ఇంక వాడి ఊసే లేదు అనుకుంటూ మూడేళ్లు గడిపాక ఒక రాత్రి మెసేజ్ వచ్చింది. "ఎలా ఉన్నావురా?" అంతే. ముందు వెనకా ఏమీ లేదు. ఆ రెండు మాటలు చూశాక వారం రోజులు నిద్ర పట్టలేదు. అప్పు తీరిపోయింది కదా, మరి ఈ మంట ఎక్కడి నుంచి లేచిందో నాకే అర్థం కాలేదు.

చివరికి ఆన్‌లైన్‌లో ఒక థెరపిస్ట్‌ను వెతుక్కున్నాను. ఆన్‌లైన్ ఎందుకంటే, నిజం చెప్పాలంటే సిగ్గు. క్లినిక్ బయట కుర్చీలో కూర్చుంటే తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనని. ఇంట్లో తలుపేసుకుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఎవరికీ తెలియదు, పని అయ్యాక రాత్రి పూట కూడా దొరుకుతారు.

మొదట దొరికినాయన చాలా మర్యాదస్తుడు. ఇరవై నిమిషాలు విన్నాడో లేదో, "కోపం వల్ల నష్టం మీకే, అతనికి కాదు, వదిలేయండి" అన్నాడు. కళ్లు మూసుకుని అతను సుఖంగా ఉండాలని మనసులో కోరుకోమన్నాడు. మూసుకున్నాను. వాడి ముఖం కనిపించింది, పళ్లు నూరుకున్నాను. "ఎలా అనిపిస్తోంది?" అంటే "చాలా ప్రశాంతంగా ఉందండి" అని అబద్ధం చెప్పాను. డబ్బులిచ్చి మరీ థెరపిస్ట్‌కు అబద్ధం చెప్తున్నానంటే ఇక అక్కడ జరిగే పని ఏముంటుంది? ఇంకో రెండుసార్లు మాట్లాడి మానేశాను. మానేశాక నా మీద నాకు ఇంకో నింద మొదలైంది, క్షమించడం కూడా చేతకాని మనిషినని. వెళ్లకముందు ఈ బాధ లేదు.

రెండోది ఒక యాప్. అందులో రాతలో మాట్లాడుకోవడమే. రాత్రి పదకొండింటికి గుండె బరువెక్కి నాలుగు పేరాలు రాస్తే మర్నాడు మధ్యాహ్నం "మీ బాధ అర్థమవుతోంది" అని జవాబు వచ్చేది, అప్పటికి నేను మామూలుగా పనిలో ఉండేవాణ్ని. మూడో వారం మనిషి మారిపోయారు, కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. చెప్పలేదు. ఇక ఆ యాప్‌లో చేరేటప్పుడు నింపిన ఫారం గుర్తొస్తే ఇప్పటికీ టెన్షనే. ఆత్మహత్య ఆలోచనల దగ్గర నుంచి అన్నీ అడిగారు, అన్నిటికీ జవాబులు టిక్కు పెట్టాను, నియమాలు మాత్రం చదవలేదు. ఊరికే అనుమానపడుతున్నాడు అనుకోకండి. బెటర్‌హెల్ప్ అనే పెద్ద ఆన్‌లైన్ థెరపీ సంస్థ తన దగ్గరకొచ్చినవాళ్ల వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి వాటికి ఇచ్చిందని అమెరికాలో వాణిజ్య వ్యవహారాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించి, 2023లో 78 లక్షల డాలర్లు కట్టేలా ఆదేశించింది. మన గోడు ఎవరికి చెప్పుకుంటున్నామన్నదే కాదు, అది ఇంకెవరి చెవిన పడుతుందన్నది కూడా చూసుకోవాల్సిందే.

మూడోసారి తొందరపడలేదు. అప్పటికి నాకు ఒకటి అర్థమైంది. థెరపిస్ట్‌ల పేజీల్లో "క్షమ" అనే మాట కోసం వెతికితే దొరికేవాళ్లలో సగం మంది బోధకులే. నమ్మకద్రోహం, దుఃఖం, మానసిక గాయాలు, తెగిపోయిన సంబంధాలు, వీటి మీద పనిచేస్తామని రాసుకున్నవాళ్లను చూడాలి. ఏం చదివారు, ఎక్కడ రిజిస్టర్ అయ్యారు, ఆ నంబరు ఆ సంస్థ జాబితాలో నిజంగా ఉందా అన్నది చూసుకోవడానికి పది నిమిషాలు చాలు. లైఫ్ కోచ్ అనే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, దానికి లైసెన్స్ అక్కర్లేదు. మందులు కావాల్సినంత ఇబ్బంది ఉంటే అది సైకియాట్రిస్ట్ పని, అది వేరు.

అలా ఐదుగురిని ఎంచుకుని అందరికీ ఒకే ప్రశ్న పంపాను. "మీతో పని చేశాక, చివరికి నేను క్షమించకపోతే?"

ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ఒకరు "తప్పకుండా క్షమిస్తారు, నాకు నమ్మకం ఉంది" అని రాశారు, దండం పెట్టి వదిలేశాను. ఒకరు తమ ప్యాకేజీల వివరాలు పంపారు. ఐదో ఆవిడ రాసింది ఇది: "అయితే క్షమించరు. మీకు ఏం జరిగిందో, దాన్ని మీరు ఎలా మోస్తున్నారో ముందు చూద్దాం. క్షమించాలా వద్దా అన్నది మీ నిర్ణయం, నా లక్ష్యం కాదు." ఇప్పటికీ ఆవిడ దగ్గరే మాట్లాడుతున్నాను.

మొదటి రోజు వీడియో కలవగానే నేను ఇప్పుడు ఏ చిరునామాలో కూర్చున్నాను, లైన్ తెగిపోతే ఏ నంబరుకు చేయాలి, అత్యవసరమైతే ఇంట్లో ఎవరిని పిలవాలి అని అడిగింది. పోలీసు విచారణలా ఉందే అనుకున్నాను. తర్వాత తెలిసింది, దూరం నుంచి వైద్యం చేసేవాళ్లు అడగాల్సిన మొట్టమొదటి ప్రశ్నలే అవి. ముందు ఇద్దరూ అడగలేదు.

ఆరు వారాల పాటు ఆవిడ నోట క్షమ అనే మాటే రాలేదు. ఊరుకోలేక నేనే అడిగాను, మేడమ్ మనం అసలు సంగతికి ఎప్పుడొస్తాం అని. అప్పుడు చెప్పింది. రాబర్ట్ ఎన్‌రైట్ అని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఒక సైకాలజిస్ట్ ఉన్నాడు, దశాబ్దాలుగా దీని మీదే పని. ఆయన పద్ధతిలో నాలుగు దశలు. మొదటి దశ, లోపల కప్పెట్టుకున్న కోపాన్ని, అవమానాన్ని బయటికి తీసి అది ఎంత ఉందో చూడడం. క్షమించే దారి పట్టాలా వద్దా అని తేల్చుకోవడం రెండోది, ఎదుటి మనిషిని అర్థం చేసుకునే అసలు కష్టం మూడోది, ఈ బాధలోంచి తనకంటూ ఏమైనా అర్థం దొరుకుతుందా అని చూసుకోవడం నాలుగోది. మొదటి థెరపిస్ట్ నన్ను ఇరవై నిమిషాల్లో నేరుగా మూడో దశలోకి నెట్టాడన్నమాట!

సుజేన్ ఫ్రీడ్‌మన్ అనే ఆవిడ, ఎన్‌రైట్ కలిసి 1996లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. చిన్నప్పుడు సొంత కుటుంబంలోనే లైంగిక హింసకు గురైన 12 మంది స్త్రీలతో, ఒక్కొక్కరితో విడిగా ఇదే పద్ధతి చేయించారు. సగటున ఒక్కొక్కరికి 14 నెలలు పట్టింది. 14 నెలలు! నా గాయం వాళ్ల గాయం ముందు ఎంత, కానీ నేను ఒక్క గంటలో తేలికైపోవాలనుకున్నాను. నథానియల్ వేడ్ అనే సైకాలజిస్ట్, అతని తోటివాళ్లు 2014లో ఇలాంటి 54 పరిశోధనలను, 2,323 మంది ఫలితాలను కలిపి చూసినప్పుడు కూడా ఎక్కువ కాలం చేసినవాళ్లకు ఎక్కువ మార్పు, గుంపులో కంటే ఒక్కరితో ఒక్కరు మాట్లాడినప్పుడు ఎక్కువ మార్పు కనిపించింది.

ఇంతా చెప్పి రెండో వైపు చెప్పకపోతే అన్యాయం. ఎవరెట్ వర్తింగ్టన్ అనే ఇంకో సైకాలజిస్ట్ తయారుచేసిన, క్షమించడం నేర్పే రీచ్ అనే పద్ధతిని, ఎవరి సాయం లేకుండా ఇంట్లో కూర్చుని మూడు గంటల్లో పూర్తిచేసే వర్క్‌బుక్‌గా మార్చి కొలంబియా, హాంకాంగ్, ఇండోనేషియా, దక్షిణాఫ్రికా, ఉక్రెయిన్‌లలో 4,598 మందికి ఇచ్చి చూశారు. 2024లో వచ్చిన ఆ ఫలితాల్లో కక్ష తగ్గింది, దిగులు, ఆందోళన కూడా కొంత తగ్గాయి. థెరపిస్ట్ దగ్గరకు వెళ్లే స్థోమత లేనివాళ్లకు ఇది చిన్న విషయం కాదు. నేను కూడా చేశాను. నాకు పెద్దగా ఏమీ కాలేదు, నా లెక్క వేరే చోట తప్పిందని అప్పటికి నాకు తెలియదు.

ఆ వర్తింగ్టన్ కథ కూడా మేడమే చెప్పింది. క్షమ మీద పరిశోధన చేస్తున్న రోజుల్లోనే, 1996 కొత్త సంవత్సరం వేళ ఒక దొంగ ఆయన తల్లిని ఇంట్లోనే చంపేశాడు. ఆ హంతకుణ్ని ఆయన క్షమించగలిగాడు. కానీ తల్లి శవాన్ని మొదట చూసిన తమ్ముడు ఆ దృశ్యం నుంచి తేరుకోలేక 2005లో ప్రాణం తీసుకుంటే, తమ్ముడికి సరిగా ఆసరా కాలేకపోయానని తనను తాను క్షమించుకోవడం మాత్రం చాలా కష్టమైందట.

ఇది విన్నాక నేను చాలాసేపు మాట్లాడలేదు. వీడియో ఆగిపోయిందేమో అనుకుని "వినిపిస్తోందా?" అని కూడా అడిగింది. ఆన్‌లైన్‌లో ఇదొక తంటా, మౌనానికీ నెట్ పోవడానికీ తేడా తెలియదు.

ఆ తర్వాతి వారం ఖాళీ కుర్చీ పెట్టించింది. నా స్నేహితుడు అందులో కూర్చున్నాడనుకుని మాట్లాడాలి. కుర్చీ కూడా ఆవిడకు కనపడేలా ల్యాప్‌టాప్ పక్కకు తిప్పి మొదలుపెట్టాను. నాలుగు తిట్లు తిట్టాక "ఆ రోజు మా ఆవిడ వద్దంటూనే ఉంది, నేనే వినలేదు" అనేశాను, అని ఆగిపోయాను. ఇన్నేళ్లుగా నేను తిడుతున్నది వాణ్ని మాత్రమే కాదు, సంతకం పెట్టిన చేతిని కూడా. తలుపు అవతల మా ఆవిడ విన్నదో లేదో అడగలేదు, తనూ చెప్పలేదు. కానీ ఆ రాత్రి చాలా కాలానికి ఇద్దరం ఆ అప్పు రోజుల గురించి గొడవ లేకుండా మాట్లాడుకున్నాం.

ఇంకో మాట, ఇది మీ వ్యాసంలో అసలే లేదు. క్షమించడం వేరు, మళ్లీ కలిసిపోవడం వేరు. మొదటిది ఒక్కరి పని, రెండోదానికి ఇద్దరూ కావాలి, అవతలివాడు మారాలి కూడా. మనసులో కక్ష లేకుండా కూడా తలుపు మూసే ఉంచొచ్చు. ఇది చెప్పకుండా క్షమించమంటే, ఇంట్లో ఇంకా దెబ్బలు తింటున్న మనిషి ఆ వ్యాసం చదివి ఏమనుకుంటుంది? ఆవిడకు ముందు కావాల్సింది భద్రత. పక్క గదిలో కొట్టేవాడు ఉండగా వీడియో కాల్‌లో ఏం మాట్లాడగలదు? చచ్చిపోవాలనిపిస్తున్నవాళ్లు కూడా వారానికోసారి దొరికే అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు, వెంటనే దగ్గరున్న మనిషి సాయం, ఆస్పత్రి సాయం తీసుకోవాలి.

అందుకని మీకు నా మనవి. మళ్లీ ఈ విషయం మీద రాసేటప్పుడు మహాత్ములు ఎవరిని ఎలా క్షమించారో ఇంకోసారి చెప్పకండి, అవి మాకు తెలుసు. థెరపిస్ట్‌ను ఎలా వెతకాలి, మొదటి కాల్‌లో ఏం అడగాలి, మన వివరాలు ఎక్కడికి వెళ్తాయి, నచ్చకపోతే మొహమాటపడకుండా ఎలా మానేయాలి, ఇవి ఒక అర పేజీ వేయండి. మన భాషలో మాట్లాడే థెరపిస్ట్‌లు ఎలా దొరుకుతారో కూడా వేయండి. మొదటాయనతో నేను ఇంగ్లిష్‌లో మాట్లాడాను, ఇంగ్లిష్‌లో నాకు కోపం చాలా మర్యాదగా వస్తుంది.

వాడి సంగతి అడుగుతారేమో. పోయిన నెల జవాబు పెట్టాను. "బాగున్నాను. మనం మాట్లాడుకోవాలంటే ముందు నువ్వు చెప్పాల్సింది ఒకటుంది" అని. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. ఇంకా ఏమీ రాలేదు. రోజుకు పదిసార్లు ఫోన్ చూసే అలవాటు మాత్రం రెండు మూడుసార్లకు తగ్గింది. గురువారం మళ్లీ సెషన్ ఉంది, అప్పుడు మేడమ్‌కు చెప్పాలి.

ఇట్లు,
మీ పాఠకుడు
(పేరు వేయవద్దని మనవి)