కాశీనగర్ దగ్గర మా బండి చూసిన పెద్దాయనకి

పర్లాకిమిడి నుంచి గుణుపురం పోయే దారిలో మా పాత అంబాసిడర్‌ని చూసిన పెద్దాయనా, పేరడిగితే నవ్వి ఊరుకున్నారు. అందుకే ఇలా రాస్తున్నాను.

బ్రేకు తొక్కితే బండి ఎడమకి లాగేది, వదిలాక కుడికి. అందరూ ఎడమ చక్రం బ్రేకు షూలు మార్చమన్నారు. మీరు మాత్రం చక్రాల బ్రేకు డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూసి, ముందు చక్రాల్లో కుడివైపుది కాలిపోతోందన్నారు. జాకీ ఎత్తి, ఆ చక్రం దగ్గర బ్రేకు ఆయిల్ బయటికి వదిలే నిప్పిల్ వదులు చేయగానే ఆయిల్ చిమ్మింది, బిగుసుకున్న చక్రం తిరిగింది. మళ్ళీ బ్రేకు తొక్కించి, ఈసారి చక్రానికి ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం, అదే హోసుకి పైనున్న ఇనుప పైపు నట్టు వదిలారు. చక్రం కదల్లేదు. అంటే ఆయిల్ ఆ రెండు చోట్ల మధ్యే ఇరుక్కుంది. రబ్బరు హోసు లోపల ఉబ్బి దారి మూసేసిందని అక్కడే తేలిపోయింది. పైకి ఒక్క పగులూ లేదు!

రెండువైపులా హోసులు మార్పించి, బ్రేకు పైపుల్లోని గాలి తీయించాను. బండి తిన్నగా ఆగుతోంది. అమ్మ మళ్ళీ ధైర్యంగా ఎక్కుతోంది. మీకు మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు.