ఆ రాత్రి సముద్రంలో ఎవరూ లేరు

ఒరేయ్ మూర్తీ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు కాస్త నయం. నువ్వడిగిన మామిడి అంటు తెచ్చి నీడలో పెట్టాను, వచ్చినప్పుడు పట్టుకెళ్దువుగాని. కబుర్లు అంతే. అసలు సంగతి ఒకటుంది, నీకు చెప్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

పోయిన ఉత్తరంలో "అమెరికా వియత్నాంలో 1965లో దిగింది" అని రాశావు కదా. దిగడం అప్పుడే, కాదనను. 1965 మార్చి 8న 3,500 మంది మెరీన్లు డానాంగ్ ఒడ్డున దిగారు. (అంతకు ముందే, 1963 చివరికల్లా, సలహాదారులన్న పేరుతో 16,000 మందికి పైగా సైనికులు అక్కడ ఉన్నారు, అది వేరే ఉత్తరం.) కానీ ఆ దిగడానికి అనుమతి కాగితం 1964 ఆగస్టులోనే చేతికొచ్చింది. ఆ కాగితం ఒక రాత్రి మీద నిలబడింది. ఆగస్టు 4 రాత్రి, ఉత్తర వియత్నాం తీరం పక్కనున్న టాంకిన్ సింధుశాఖ. ఆ రాత్రి సముద్రంలో శత్రువు ఒక్కడూ లేడురా! ఒక్క పడవ కూడా లేదు. నన్ను నిద్రపోనివ్వనిది అది కూడా కాదు, ఇంకొకటుంది. దాని దగ్గరికి మెల్లగా వస్తాను, ముందుకు ముందుకు తిప్పి చదవకు.

మొదట అక్కడేం జరుగుతోందో చెప్పాలి. మాడాక్స్ అనే అమెరికా డిస్ట్రాయర్ (ఒక రకం యుద్ధనౌక) ఉత్తర వియత్నాం తీరం వెంబడి తిరుగుతోంది. దాని పని యుద్ధం కాదు, వినడం. డెక్ మీద ఒక వ్యాన్ లాంటి గది బిగించి, అందులో రేడియో సంభాషణలు పట్టే మనుషుల్ని కూర్చోబెట్టారు. తీరానికి 8 నాటికల్ మైళ్ళ దాకా, దీవులకు 4 మైళ్ళ దాకా వెళ్ళొచ్చని ఆదేశం. ఈ గస్తీలకు 'డెసోటో' అని పేరు.

అదే సమయంలో, అదే నీళ్ళలో ఇంకో పని జరుగుతోంది. 34ఏ అనే రహస్య పథకం. డానాంగ్ నుంచి నార్వేలో తయారైన వేగం పడవలు రాత్రిపూట బయల్దేరి ఉత్తరాది తీరం మీద కాల్పులు జరిపి తెల్లారేలోగా తిరిగొచ్చేవి. నడిపేది దక్షిణ వియత్నాం మనుషులు, పథకం, డబ్బు, పడవలు అమెరికావి. జులై 30 రాత్రి దాటాక హోన్ మే, హోన్ న్గూ అనే రెండు దీవుల మీద దాడి చేశారు. ఇది జరిగిన గంటల్లోనే మాడాక్స్ ఆ చుట్టుపక్కల గస్తీ మొదలుపెట్టింది. రెండు పనులకూ వేర్వేరు అధికారులున్నారు, నిజమే. కానీ ఒడ్డున రాడార్ ముందు కూర్చున్న వియత్నాం కుర్రాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది చెప్పు? పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది చీమ.

కుట్టింది. ఆగస్టు 2 పగటివేళ మూడు పీ-4 టార్పెడో పడవలు (నీళ్ళలో దూసుకెళ్ళి నౌకని పేల్చేది టార్పెడో) మాడాక్స్ మీదకి వచ్చాయి. అది నిజమైన పోరు, అనుమానమే లేదు. ముందు కాల్చింది మాత్రం మాడాక్స్. హెచ్చరిక కాల్పులు మూడు గుళ్ళు. పడవలు వదిలిన టార్పెడోలు గురి తప్పాయి, నౌకకు తగిలింది ఒకే ఒక్క 14.5 మిల్లీమీటర్ల తూటా. టికొండెరోగా అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన నాలుగు జెట్లు పడవల్ని చిత్తు చేశాయి, అటువైపు నలుగురు చనిపోయారు. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఆ రోజు బదులు దాడికి పోలేదు. మాడాక్స్‌కు తోడుగా టర్నర్ జాయ్ అనే ఇంకో డిస్ట్రాయర్‌ని ఇచ్చి, మళ్ళీ అక్కడికే పంపారు. ఆగస్టు 3 రాత్రి 34ఏ పడవలు ఇంకోసారి వెళ్ళి విన్ సోన్ దగ్గర రాడార్ కేంద్రాన్ని కాల్చి వచ్చాయి. అంటే ఈ రెండు నౌకల్లో ఉన్నవాళ్ళు ఏ క్షణాన దాడి వస్తుందోనని ఒళ్ళంతా చెవులు చేసుకుని ఉన్నారు. సరిగ్గా ఇక్కడే మొదలైంది.

ఆగస్టు 4 రాత్రి. చంద్రుడు లేడు, మబ్బులు కిందికి దిగి ఉన్నాయి, ఉరుములు, అలలు. మాడాక్స్‌లో దూరాన్ని చూసే రాడార్ ఒకటి పనిచెయ్యడం లేదు. టర్నర్ జాయ్‌లో తుపాకుల గురి చూపే రాడార్ చెడిపోయింది. ఆ సింధుశాఖలో గాలి పొరలు పొరలుగా ఉండి రాడార్ కిరణం వంగిపోతుంది, లేని చోట చుక్కలు కనపడతాయి. నీటి లోపలి చప్పుళ్ళు పట్టే సోనార్ సంగతి కూడా విను, ఇది నీకు భలే నచ్చుతుంది. టార్పెడోని సోనార్‌లో గుర్తుపట్టేది చప్పుడు బట్టి. దాని చిన్న ప్రొపెల్లర్ వేగంగా తిరుగుతూ సన్నగా బుస్సుమంటుంది. నౌక పూర్తి వేగంతో పోతూ చుక్కానిని ఒక్కసారి గట్టిగా తిప్పితే, దాని సొంత ప్రొపెల్లర్ తోసే నీరు చుక్కానికి కొట్టుకుని దాదాపు అలాంటి చప్పుడే చేస్తుంది. ఇప్పుడు గొలుసు చూడు. సోనార్ దగ్గర కూర్చున్న కుర్రాడు "టార్పెడో!" అంటాడు. కెప్టెన్ తప్పించుకోవడానికి నౌకని సర్రున తిప్పుతాడు. తిప్పగానే చుక్కాని చప్పుడు. కుర్రాడు మళ్ళీ "టార్పెడో!" మళ్ళీ తిప్పడం. మళ్ళీ చప్పుడు. రెండు గంటలకు పైగా ఇదే! తాను తిరిగిన చప్పుడుకి తానే భయపడి మళ్ళీ తిరిగింది ఆ నౌక. (నవ్వకు, తర్వాత వచ్చేది నవ్వేది కాదు.)

అలా మాడాక్స్ లెక్కపెట్టిన టార్పెడోలు ఇరవైకి పైగా. పీ-4 పడవకి ఉండేవి రెండే టార్పెడోలు. ఇరవై అనుకున్నా పది పడవలు కావాలి, ప్రతి పడవా ఉన్న రెండూ వదిలెయ్యాలి. పక్కనే ఉన్న టర్నర్ జాయ్ సోనార్‌కి ఒక్క టార్పెడో కూడా వినపడలేదు. చీకట్లోకి వందల గుళ్ళు కాల్చారు, ఒక్క శకలం నీళ్ళలో తేలలేదు.

ఒక దశలో మాడాక్స్ ప్రధాన తుపాకుల గురి చూసే నావికుడికి తెర మీద పెద్ద గురి కనపడింది, కాల్చమన్నారు. అతనికి అనుమానం వచ్చి "టర్నర్ జాయ్ ఎక్కడుంది?" అని అడిగాడు. టర్నర్ జాయ్‌ని దీపాలు వెయ్యమన్నారు. అతని గురికి సూటిగా దీపాలు వెలిగాయి, సొంత నౌక! వేలు ఒక్క అంగుళం కదిలి ఉంటే... వద్దులే.

పైన ఆకాశంలో అమెరికా పైలట్ కమాండర్ జేమ్స్ స్టాక్‌డేల్ ఉన్నాడు. గంటన్నరకి పైగా కిందికి దిగి దిగి నీళ్ళ మీద వెతికాడు. పడవ లేదు, పడవ వెనక నురగ చార లేదు, అమెరికా తుపాకుల మెరుపులు తప్ప మెరుపు లేదు. పాపం, ఆ మనిషి తర్వాత ఉత్తర వియత్నాంకి చిక్కి ఏడేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. ఈ నిజం తన నోటి నుంచి ఎక్కడ లాగుతారో అన్న బెంగతో గడిపాడట. టర్నర్ జాయ్ మీది వాళ్ళు కొందరు మాత్రం ఏదో చూశామని చివరిదాకా చెప్పారు. అదీ చెప్పాలి కదా, లేకపోతే మాస్టారు ఊరుకోరు. మన మాస్టారి మూడు గడులు గుర్తున్నాయా? చూసింది, విన్నది, ఎవరో చెప్పింది. ఈ కేసంతా ఆ గడుల్లో వేసి చూడు, మొదటి గడి దాదాపు ఖాళీ.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్నది. నౌకలదళం అధికారి కెప్టెన్ జాన్ హెరిక్ మాడాక్స్ మీదే ఉన్నాడు. కాల్పులు ఆగాక కూర్చుని అంతా సరిచూసుకున్నాడు. చూసుకుని పైకి సందేశం పంపాడు. చాలా సంపర్కాలూ టార్పెడోలూ అనుమానంగా ఉన్నాయి, వాతావరణం రాడార్‌ని మోసం చేసి ఉండొచ్చు, సోనార్ వాళ్ళు అత్యుత్సాహపడి ఉండొచ్చు, మాడాక్స్ నుంచి కళ్ళతో చూసినవాళ్ళు లేరు, ఇంకే చర్య తీసుకునే ముందైనా పూర్తిగా పరిశీలించండి అని. అక్కడ రాత్రి, వాషింగ్టన్‌లో అదే రోజు మధ్యాహ్నం 1:27. జాన్సన్ టీవీలో దాడి గురించి చెప్పింది రాత్రి 11:36కి. పది గంటలు! అనుమానం ఆలస్యంగా రాలేదురా. పోరాడాడని చెబుతున్న మనిషే, అదే రోజు, "ఆగండి" అన్నాడు. అది నన్ను ఊరుకోనివ్వడం లేదు.

ఆ పది గంటల్లో ఏం చేశారు? సాయంత్రం 4:47కి రక్షణ మంత్రి మెక్‌నమారా సైనికాధిపతులతో కూర్చుని దాడి జరిగిందా లేదా అని తేల్చారు. జరిగిందనడానికి ఐదు కారణాలు ఎంచారు. టర్నర్ జాయ్ మీద లైటు పడింది, కాల్పులు వచ్చాయి. ఒక డిస్ట్రాయర్ నుంచి పడవ దీపాలు చూశారు. ఒక వియత్నాం పడవ రెండు అమెరికా విమానాల మీద కాల్చింది. ఉత్తర వియత్నాం తన రెండు పడవల్ని పోగొట్టుకున్నానంది. హొనొలులులో ఉన్న పసిఫిక్ దళాల అధిపతి అడ్మిరల్ షార్ప్ జరిగిందనే నిర్ధారించాడు. ఐదింట్లో రెండు అటునుంచి పట్టిన రేడియో సందేశాల నుంచి వచ్చినవే. గట్టి ఆధారం అనుకున్నవీ అవే, శత్రువు తన నోటితో తనే చెప్పాడు కదా అని.

ఆ సందేశం సంగతి నలభై ఏళ్ళకి బయటపడింది. రేడియో సందేశాలు పట్టి చదివే అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏ సొంత చరిత్రకారుడు రాబర్ట్ హాన్యోక్ లోపల రాసిన పరిశీలన 2005లో విడుదలైంది. "ఇద్దరు కామ్రేడ్లను పోగొట్టుకున్నాం" అని మూలంలో ఉన్నది, ఇంగ్లీషు నివేదికలో "రెండు పడవల్ని" అయింది. వియత్నామీస్‌లో డోంగ్ చీ అంటే కామ్రేడ్, దానికి పడవ అనే అర్థం ఎక్కడిది? పైగా అది మాట్లాడుతున్నది ఆగస్టు 2 పోరు గురించి. దాడికి సిద్ధం కమ్మన్నట్టు పంపిన ముందు హెచ్చరిక కూడా అంతే. అందులో పేర్కొన్న టీ-142, టీ-146 పడవలకి అసలు టార్పెడోలే ఉండవు, మూడోది టీ-333 ఆగస్టు 2న దెబ్బతిన్నది. వాళ్ళు సర్దుకుంటున్నది పాడైన పడవల్ని గట్టుకి తెచ్చే పని. దాడి లేదని చూపించే సందేశాలు ఇంకెన్నో ఉంటే, అవి పైకి వెళ్ళనే లేదు. అబద్ధం చెప్పమని ఎవరో ఒకరు ఆదేశించారని కాదు. ఒకసారి తప్పు చదివారు, తర్వాత ఆ తప్పుకి సరిపోయేవే ఏరుకున్నారు. నాకు ఇదే ఎక్కువ భయం వేస్తుంది, ఎందుకంటే...

సరే, ముందుకి. 5:19కి బదులు దాడికి ఆదేశం వెళ్ళింది. జాన్సన్ టీవీలో మాట్లాడేసరికి విమానాలింకా లక్ష్యాలకి చేరలేదు కూడా. పడవల స్థావరాల మీద, విన్ చమురు డిపో మీద 64 సార్లు దాడి చేశారు. రెండు విమానాలు కూలాయి. లెఫ్టినెంట్ రిచర్డ్ శాథర్ చనిపోయాడు. ఎవరెట్ అల్వరెజ్ పట్టుబడి, 1973 ఫిబ్రవరిలో విడుదలయ్యాడు. ఎనిమిదిన్నర ఏళ్ళు. జరగని దాడికి.

ఇక కాగితం. అమెరికా సైన్యాన్ని వాడుకోవడానికి అధ్యక్షుడికి చెయ్యి ఇచ్చే తీర్మానం చిత్తుప్రతి విదేశాంగ శాఖ అధికారి విలియం బండీ ఆ ఏడు మేలోనే రాసి పెట్టాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! కారణం దొరకడమే తరువాయి. ఆగస్టు 6న సెనేటర్ వేన్ మోర్స్ 34ఏ దాడుల సంగతి అడిగితే, మన నౌకాదళానికి వాటితో సంబంధం లేదు, తెలియదు అని మెక్‌నమారా చెప్పాడు. సెనేటర్ గేలార్డ్ నెల్సన్ సైన్యాల్ని దించడానికి ఇది లైసెన్సు కాకూడదని ఒక సవరణ తెస్తానంటే, తీర్మానాన్ని సెనేట్‌లో నడిపించిన ఫుల్‌బ్రైట్ అవసరం లేదని నచ్చజెప్పాడు. అదే ఫుల్‌బ్రైట్ 1968లో ఇదే రాత్రి మీద మెక్‌నమారాని పిలిపించి ప్రశ్నించాడు, అప్పటికి అక్కడ ఐదు లక్షల మంది సైనికులున్నారు. ఆగస్టు 7న ప్రతినిధుల సభ 416–0. సెనేట్ 88–2. ఆ ఇద్దరు మోర్స్, అలాస్కా నుంచి గ్రూనింగ్. ఆ రెండు పేర్లూ గుర్తుపెట్టుకో, మాస్టారికి చెప్పి ఉంటే బోర్డు మీద రాసి అండర్‌లైన్ చేసేవారు.

మనకీ ఇందులో ఒక చిన్న పాత్ర ఉంది. వియత్నాంని ఉత్తరం, దక్షిణం అని విడదీసిన 1954 జెనీవా ఒప్పందం తర్వాత వియత్నాం పర్యవేక్షణ కమిషన్‌కి అధ్యక్షత ఇండియాది, కెనడా, పోలండ్ సభ్యులు. ఆ కెనడా ప్రతినిధి బ్లెయిర్ సీబోర్న్ చేతే 1964 జూన్‌లో వాషింగ్టన్ హనోయ్‌కి హెచ్చరిక పంపింది, ఆగస్టులో మళ్ళీ పంపింది. దాని మీద నీ దగ్గరున్న పాత కాగితాలు తియ్యి, నాకు కావాలి.

1995 నవంబరులో మెక్‌నమారా హనోయ్ వెళ్ళి, యుద్ధకాలంలో ఉత్తర వియత్నాం సేనాని అయిన జనరల్ జాప్‌ని అడిగాడు, ఆగస్టు 4న ఏం జరిగింది అని. ఏమీ జరగలేదు అన్నాడు జాప్. ముప్పై ఒక్క ఏళ్ళకి! 1:27 సందేశంలో ఉన్నదేగా అది, అప్పుడే తెరిచి చదివి ఉంటే

పోస్టు డబ్బా తీసేవాడు వీధి చివర కనపడుతున్నాడు, ఇప్పుడు వెయ్యకపోతే సోమవారం దాకా ఉండిపోతుంది. హెరిక్ ఆ సందేశం తర్వాత ఇంకోటి కూడా పంపాడు, కాస్త మెత్తబడి, ఆ రాత్రి మొదట మీద పడ్డ దాడి మాత్రం నిజమేనని. ఎందుకు మెత్తబడ్డాడో, పైనుంచి ఎన్ని ప్రశ్నలు వచ్చి మీద పడ్డాయో వచ్చే ఉత్తరంలో రాస్తాను. అంటుకి నీళ్ళు పోస్తున్నాను, బెంగపడకు.