ఓడకు తుపాకీ కన్నా ముందు గట్టి గది కావాలి

సంపాదకులకు నమస్కారం.

సరుకు ఓడల్లో పనిచేసే మనవాళ్ల చేతికి తుపాకులిస్తే సముద్రపు దొంగల బెడద తీరిపోతుందని గత వారం మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. ఆయన ఆవేదన న్యాయమైనదే గానీ, ఇరవై రెండేళ్లు ఓడల ఇంజన్ రూముల్లో పనిచేసి తిరుపతిలో స్థిరపడిన నాకు ఆ సలహా ప్రమాదకరంగా తోచింది. కొండ కింద కూర్చుని సముద్రం గురించి రాయడమేమిటని కొందరు నవ్వవచ్చు. చిత్తూరు ఫ్యాక్టరీల్లో డ్రమ్ములకెత్తిన తోతాపురి గుజ్జు చెన్నై రేవులో ఓడెక్కి గల్ఫ్‌కూ ఐరోపాకూ వెళ్లే దారి ఆ అరేబియా సముద్రమే కనుక, అక్కడి భయం ఓడ కిరాయి రూపంలో ఇక్కడి మామిడి రైతు దాకా వస్తుంది.

సోమాలియా వైపు దొంగలు తరచుగా చేపల పడవనో చిన్న సరుకు పడవనో ముందుగా చేజిక్కించుకుని, దాన్ని స్థావరంగా వాడుకుంటూ తీరానికి వందల మైళ్ల దూరం వచ్చి, అక్కడి నుంచి వేగంగా పోయే చిన్న పడవల్లో, తెల్లవారుజామునో పొద్దుగూకే వేళో ఓడను వెనకవైపు నుంచి తరుముతారు. వారి దగ్గర ఏకే-47లు, రాకెట్ లాంచర్లు ఉన్నా అసలు పనిముట్టు మాత్రం కొక్కేలు బిగించిన నిచ్చెన. ఆ కొక్కెం రెయిలింగుకు తగులుకోకుండా చూడగలిగితే రక్షణలో సగం పని అయినట్టే. నిండు సరుకుతో నీళ్లలో కుంగి 11, 12 నాట్ల (గంటకు 20, 22 కిలోమీటర్ల) వేగంతో సాగే ఓడ వారికి సులువుగా దొరుకుతుంది. 18 నాట్లు దాటి పరుగెత్తే ఎత్తైన కంటైనర్ ఓడను ఎక్కడం గగనం.

అందుకే సోమాలియాకు ఉత్తరాన ఉన్న ఏడెన్ సింధుశాఖ చేరకముందే మేము రెయిలింగు చుట్టూ రెండు వరసలు ముళ్ల తీగ చుట్టేవాళ్లం. వెల్డింగు గ్లౌజులు తొడుక్కున్నా ఆ బ్లేడ్ల తీగ మోచేతుల దాకా గీరేది, ఉప్పుగాలికి ఆ గీతలు రాత్రంతా మండేవి. ఫైర్ హోసులను బయటికి, కిందికి వంచి తాళ్లతో కట్టి, పంపును రాత్రింబవళ్లు ఆపకుండా నడిపేవాళ్లం. ఆ నీటి ధార కింద చిన్న పడవను నిలకడగా పట్టి నిచ్చెన ఎత్తడం అంత తేలిక కాదు. దొంగలు తరుముతున్నప్పుడు చుక్కానిని ఎంత తిప్పాలన్నది కూడా ఒక నేర్పే. ఎక్కువ తిప్పితే ఓడ వేగం పడిపోతుంది, కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పితే లేచే అలలకు వెనకాల పడవ నిలవలేదు. వీటన్నిటికన్నా ముందు కావలసింది బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే పై గదిలో, నిద్రపోని రెండు కళ్లు. ముప్పును అరగంట ముందు గుర్తించిన ఓడకు వేగం పెంచడానికి, నౌకాదళానికి కబురు పెట్టడానికి వ్యవధి దొరుకుతుంది.

ఇవన్నీ దాటి వారు ఎక్కేస్తే మిగిలేది సిటడెల్. లోపలి నుంచి గడియ పెట్టుకునే ఇనుప గది అది. ఇంజను ఆపి, ఓడను కదలకుండా చేసి, సిబ్బంది అంతా అందులో దాక్కుంటే దొంగల చేతిలో ఇనుము తప్ప బందీలు ఉండరు. అయితే ఒక్క మనిషి బయట దొరికినా ఆ గది నిరుపయోగం, ఎందుకంటే బందీ ప్రాణానికి ముప్పు ఉన్నంతవరకు కమాండోలు చొరవ చేయలేరు. నేను పనిచేసిన ఒక ఓడలో చుక్కానిని తిప్పే యంత్రాలుండే స్టీరింగ్ గేర్ రూమునే సిటడెల్‌గా చూపించారు. తొలి డ్రిల్లులో 21 మందికి 20 మందే వచ్చారు. వంటవాడు కోల్డ్ రూములో ఉండి గంట వినలేదు. అంతకన్నా ఘోరం, గదిలో పెట్టిన శాటిలైట్ ఫోనుకు పైన డెక్ మీద యాంటెన్నాయే బిగించలేదు. కంపెనీ కాగితాల్లో మాత్రం 'సిటడెల్ సిద్ధం' అని ఉంది.

ఆ గది విలువ 2024 జనవరిలో దేశమంతా చూసింది. లీలా నార్ఫోక్ అనే ఓడలోని 21 మంది, వారిలో 15 మంది భారతీయులు, సిటడెల్‌లో తలదాచుకోగా, మన యుద్ధనౌక ఐఎన్ఎస్ చెన్నై నుంచి వెళ్లిన నౌకాదళ మార్కోస్ కమాండోలు ఓడంతా గాలించి వారిని బయటికి తెచ్చారు. గుజరాత్‌లోని సిక్కా నుంచి పెట్రోలుతో బయలుదేరిన హెల్లాస్ ఆఫ్రొడైటీ ట్యాంకరు మీద 2025 నవంబరులో దొంగలు రాకెట్లు పేల్చి ఎక్కినా, 24 మంది సిబ్బంది సిటడెల్‌లోనే ఉండి స్పెయిన్ యుద్ధనౌక వచ్చేదాకా క్షేమంగా నిలిచారు. 2023 డిసెంబరులో దొంగల పాలైన రుయెన్ అనే సరుకు ఓడ నావికులు మాత్రం మూడు నెలలు బందీలుగా ఉండవలసి వచ్చింది. 2024 మార్చిలో ఐఎన్ఎస్ కోల్‌కతా దాదాపు 40 గంటలు శ్రమించి 17 మందిని విడిపించింది, 35 మంది దొంగలు లొంగిపోయారు.

ఇక తుపాకుల మాట. శిక్షణ పొందిన సాయుధ గార్డులు ఓడలో ఉంటే దొంగలు వెనక్కి మళ్లిన సందర్భాలు చాలా ఉన్నాయి, దాన్ని నేను కాదనను. కానీ వంటవాడికి, ఫిట్టరుకు తుపాకీ ఇవ్వడం వేరు. 2012 ఫిబ్రవరి 15న ఎన్రికా లెక్సీ ట్యాంకరు మీదున్న ఇటలీ నావికా సైనికులు కేరళ తీరానికి దూరంగా వేటాడుతున్న ఇద్దరు జాలర్లను దొంగలనుకుని కాల్చి చంపారు. కాల్చినవారు వృత్తి సైనికులు! పది కోట్ల రూపాయల పరిహారంతో ఆ కేసు 2021లో గానీ ముగియలేదు. మన పులికాట్ వైపు జాలరి కూడా వలలు తెగకుండా కాపాడుకోవడానికి ఓడకు ఎదురెళ్లి చేతులూపుతాడు. పైనున్నవాడికి అదే దాడిలా కనబడవచ్చు. ఆయుధాలతో రేవుల్లోకి వెళితే వచ్చే చిక్కులు వేరే ఉన్నాయి. 2013లో తూత్తుకుడి దగ్గర పట్టుబడిన సీమన్ గార్డ్ ఒహాయో అనే ఓడ మీది 35 మంది, దొంగలనుంచి ఓడలను కాపాడే పనిలో ఉన్నామని మొత్తుకున్నా, 2017లో మద్రాసు హైకోర్టు నిర్దోషులనే దాకా వారి కష్టం తీరలేదు.

2022లో పార్లమెంటు ఆమోదించిన సముద్రపు దొంగతనాల (పైరసీ) నిరోధక చట్టం దొంగకు యావజ్జీవం, ప్రాణం తీస్తే ఉరిశిక్ష దాకా విధించవచ్చంటోంది. అది మంచిదే. నా విన్నపం ఓడల యజమానుల గురించి. ప్రమాదకర మార్గంలోకి వెళ్లే ఓడ మన రేవు దాటకముందు ముంబైలోని షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ తరఫున ఒక అధికారి ఎక్కి, ముళ్ల తీగ ఉందా అని కాగితం చూసి ఊరుకోకుండా, సిటడెల్ తలుపు మూయించి, లోపలి నుంచి ఫోను చేయించి, నీళ్లూ తిండీ మరుగుదొడ్డీ లెక్క చూసి, సిబ్బంది మొత్తాన్ని గంట కొట్టి పిలిపించాలి. గార్డులు అవసరమైతే ఆ ఖర్చు యజమానే భరించాలి, కాల్పుల నిర్ణయం ఎవరిదో, ఏ దశలోనో ముందుగానే రాసి ఉండాలి.

మా అక్క కొడుకు వచ్చే నెల చెన్నైలో క్యాడెట్‌గా ఓడెక్కుతున్నాడు. ఎక్కిన మొదటి రాత్రే దీపాలార్పి, తన క్యాబిన్ నుంచి సిటడెల్‌కు ఎన్ని మెట్లో చేత్తో తడుముకుంటూ లెక్కపెట్టి నాకు ఫోను చెయ్యమన్నాను.

భవదీయుడు,
విశ్రాంత నౌకా ఇంజనీరు, తిరుపతి